ఒంటి కాపురము – వెచ్చములు

వెచ్చములు కొనుట యందఱికిని దెలిసిన పనియే. కాని మన యిండ్లలో ఆ పని నలుగురైదుగురు కూర్చుండి భుజించు సంసారమును బట్టి యేర్పడినది. నెలకెన్ని బియ్యము, ఏడాదికెంత చింతపండు, ఆవకాయ కెన్ని కాయలు అను లెక్కలు మన తల్లులకు నోటనే యుండెడివి. ఒక్కరే వండుకొని తినువారికి ఆ లెక్కలు సరిపడవు. ఉద్యోగమునకై హైదరాబాదులో గది యద్దెకు దీసికొన్న యువకుడు, పరీక్షకు జదువుకొనుచు విశాఖపట్టణమున నుండు యువతి, బిడ్డలు దూరదేశములకు బోగా పాత యింట మిగిలిన వృద్ధురాలు, వీరందఱును ఒంటి కాపురమువారే.

వీరికి గలుగు నష్టము రెండు విధములు. కొందఱు సంసారమునకు వలెనే కొని సగము పాఱవేయుదురు. మఱికొందఱు “నా యొక్క ప్రాణమునకు ఇంత వంట యెందుల”కని పచ్చడి మెతుకులతోనో, హోటలు పొట్లముతోనో ప్రొద్దు పుచ్చుదురు. మొదటివారికి ధనము పోవును. రెండవవారికి ఆరోగ్యము పోవును. వీనిలో రెండవదే పెద్ద నష్టము. రెంటిని దప్పించుకొనుటకు మొట్టమొదట దెలియవలసినది, ఒక్క మనిషికి నిజముగా నెంత కావలయునన్న లెక్క.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో ఈ లెక్క గలదు. దినమునకు 2000 కిలోకాలరీల యాహారము వలయువారికి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో గూడ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, వేరుసెనగ మొదలగు గింజలు 35 గ్రాములు, నూనె నేతులు 27 గ్రాములు, పాలు పెరుగులు 300 మిల్లీలీటర్లు చాలునని యందు జెప్పబడినది. మాంసాహారులు పప్పులలో గొంత భాగమునకు మాఱుగా గ్రుడ్లనో మాంసమునో తినవచ్చును.

దీనిని ముప్పదిచే గుణించి చూడుడు. నెలకు బియ్యము, గోధుమపిండి, రవ్వ అన్నియు గలిసి ఏడున్నర కిలోలు. కంది, పెసర, మినప, సెనగపప్పులన్నియు గలిసి రెండున్నర కిలోలు. అనగా ఒక్కొక్కటి అరకిలోకు గొంచెము మించి గొన్నచో నెల గడచును. నూనె 810 గ్రాములు. లీటరు నూనె యించుమించు 910 గ్రాములు తూగును గనుక లీటరు పొట్లము నెలకు బైబడియే వచ్చును. చవుకయని అయిదు లీటర్ల డబ్బా కొన్నచో నది యైదు నెలలకును తఱుగదు. మూత తీసిన నూనె యంతకాల ముండిన కనరువాసన పట్టును. ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదు గనుక కిలో యుప్పు ఆఱునెలలు దాటవలెను. అంతకు ముందే తఱిగిపోయినచో, కర్చును గూర్చి కాదు, రక్తపుపోటును గూర్చి యాలోచింపవలెను.

పిండికొద్ది రొట్టె యనునట్లు, పొట్టకొద్ది పొట్లము. పెద్ద పొట్లమున గ్రాము వెల తక్కువయగుట నిజమే. కాని వాడిన గ్రాములకే వెల కట్టి చూడవలెను. కారము 100 గ్రాముల పొట్లము 50 రూపాయలు, 500 గ్రాములది 200 రూపాయలు అనుకొందము. చిన్నదానిలో గ్రాము 50 పైసలు, పెద్దదానిలో 40 పైసలు. పెద్దది కొని, సగము వాడునప్పటికి మిగిలినది రంగు మాసి పురుగు పట్టినచో, వాడిన గ్రాము వెల 80 పైసలైనది. చవుక యెక్కడ? బియ్యము, కందిపప్పు, ఉప్పు, పంచదార నిలువ యుండునవి. వీనిని గొంచెము పెద్ద పొట్లములుగా గొనవచ్చును. పిండ్లు, రవ్వ, పొడులు, నూనె చిన్నవిగానే కొనవలెను. వీధి చివరి కిరాణా దుకాణము ఒంటివారికి మేలు చేయుట యిందుచేతనే. అచ్చట వంద గ్రాములు తూచి యిమ్మన్నను ఇత్తురు.

కూరగాయలలో దృష్టి మఱింత యుండవలెను. దినమునకు 400 గ్రాములు గనుక మూడు దినములకు కిలోంబావు చాలును. వారమునకు రెండు పర్యాయములు అంగడికి బోవుట మేలు. 1999వ సంవత్సరము జనవరి 26న ప్రారంభమైన రైతుబజారులలో ఆనాటి ధరలు బల్లపై వ్రాసి యుంచుదురు. ముందది చదివి పిదప సంచి తెఱువవలెను. బెండకాయ కొన విఱిచిన ఫెళ్లున విఱుగవలెను. వంకాయ నిగనిగలాడుచు తొడిమ పచ్చగా నుండవలెను. సొరకాయ తొక్కలో గోరు దిగవలెను. సొరకాయ యొక్కరికి పెద్దదగునేని పొరుగువారితో జెఱిసగము పంచుకొనుట పూర్వాచారమే. తెచ్చినవానిని వండుటకును వరుస గలదు. తోటకూర, పాలకూర తొలినాడు. బెండ, బీర మఱునాడు. దొండ, క్యారెట్టు, క్యాబేజి తరువాత. పండిన అరటిపండ్లనుండి వెలువడు ఇథిలీను వాయువు ఆకుకూరలను త్వరగా పసుపుబాఱజేయును గనుక రెంటిని ఒక్క బుట్టలో నుంచరాదు.

పొట్లముపై వ్రాతను జదువుట యింకొక విద్య. అందు బరువు, గరిష్ఠ ధర, తయారైన కాలము ఉండును; కిలోకు లోపలి పొట్లములపై గ్రాము ధరయు నుండవలెనని నేటి నియమము. పొట్లము పెద్దదిగా గనబడుట గాక యీ గ్రాము ధరయే పోల్చి చూడదగినది. తేదీలు రెండు విధములు. “ఈ తేదీలోపు శ్రేష్ఠము” అనునది రుచిని, గుణమును గూర్చిన మాట. “ఈ తేదీ దాటిన వాడరాదు” అనునది ఆజ్ఞ; దానిని మీఱరాదు. సగము ధర కిచ్చు సరుకులలో గడువు సమీపించినవి గూడ నుండును. రెండు దినములలో దినగలిగిన గొనుడు, లేనిచో వలదు.

ఇప్పుడు టెలిఫోనులో వ్రేలు తాకించిన సరుకు గుమ్మము చేరుచున్నది. కాలు కదలని ముసలివారి కిది గొప్ప సదుపాయము. కాని తెచ్చి యిచ్చు రుసుము తప్పించుకొనుటకై మఱి నూఱు రూపాయల యనవసరపు వస్తువులు చేర్చుట, ముప్పది రూపాయలు దాచి నూఱు పాఱవేయుటయే. ఒకటి కొన్న నొకటి యుచిత మను మాటయు నట్టిదే. రెండవ రొట్టె బూజు పట్టిన పిదప దాని యుచిత మెవ్వరికి?

ఈ నెల తుదిని డబ్బాలు దించి, మిగిలినదేమో, పాడైనదేమో యొక కాగితముపై వ్రాసికొనుడు. పాడైనవి వచ్చు నెల సగము కొనుడు; తఱిగినవి యథాప్రకారము కొనుడు. రెండు మూడు నెలలలో మీ వెచ్చముల పట్టిక మీకే సిద్ధమగును. ఆ పట్టికలో కూరగాయలు, పప్పు, పెరుగు తగ్గకుండ జూచుకొనుడు. కర్చు తగ్గించుకొనుట యన్నము తగ్గించుకొనుట గాదు. తినువా రొక్కరే యైనను, పొయ్యి వెలిగించి వేడిగా దినదగిన కాపుర మదియు కాపురమే.