పాత కంప్యూటరు పాట పాడాలంటే డ్రైవరు కుదరాలి
కొత్త సౌండు కార్డు కొనేముందు పరీక్షించి చూడండి

వనపర్తి: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 పాత యంత్రాలు చాలావాటిలో ఎక్కదు. ఇటువంటి కంప్యూటరు ఇంట్లో మూలన పడివుంటే, ఉచితంగా లభించే లినక్స్ వేసి పాటల పెట్టెగా వాడుకోవచ్చును. అయితే అన్నీ ఎక్కించాక తెరపై పాట నడుస్తుంది, స్పీకరులో చప్పుడు రాదు. అప్పుడు "కార్డు పోయింది" అని కొత్తది అంటగట్టేవారికి కొదువ లేదు. చాలాసార్లు కార్డు బాగానే వుంటుంది. కుదరనిది డ్రైవరు.

డ్రైవరు అంటే కంప్యూటరును నడిపే వ్యవస్థకూ, శబ్దం చేసే పరికరానికీ మధ్య దుబాసీ వంటి ప్రోగ్రాము. విండోస్ కోసం పరికరంతో ఇచ్చిన సీడీ లినక్సుకు పనికిరాదు. లినక్సులో చాలా డ్రైవర్లు కెర్నెల్ అనే మూల భాగంలోనే కలిసి వస్తాయి. శబ్దానికి సంబంధించిన 'అల్సా' 2003లో విడుదలైన 2.6 కెర్నెల్ నుంచి అందులోనే వున్నది. అందుకే పాత కంప్యూటర్లలో సౌండు తరచు దానంతట అదే పలుకుతుంది. పలకకుంటే ముందుగా సెట్టింగుల్లో అవుట్‌పుట్ చూడాలి. టీవీ తీగవైపు శబ్దం పోతూ స్పీకరు మూగగా వుండడం మామూలే.

పెబ్బేరు సంతలో ఎద్దును నడిపించి చూడనిదే ఎవరూ బేరం ఖాయం చేయరు. లినక్సుకూ ఆ సౌకర్యం వున్నది. పెన్‌డ్రైవ్ నుంచే దాన్ని నడిపి, లోపలి డిస్కును తాకకుండా పాట వినిపిస్తున్నదీ లేనిదీ తెలుసుకోవచ్చును. డిస్కు మొత్తం వాడుకొమ్మని ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం అందులోనివన్నీ చెరిగిపోతాయి. క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న భజనలు, పోయిన పెద్దల గొంతులు మళ్లీ దొరికేవి కావు. ముందే వేరేచోటికి నకలు తీసుకోవాలి.

యంత్రం మరీ పాతదైతే మరో చిక్కు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, 32 బిట్ల కంప్యూటర్లకు ఇన్‌స్టాలరు ఇవ్వడం మానివేసింది. అటువంటివాటికి డెబియన్ 12 చూసుకోవాలి.

విడిగా సౌండు పరికరం కొనక తప్పనివారు యు.ఎస్.బి. ఆడియో ప్రమాణం పాటించేదే అడగాలి. దానికి వేరే డ్రైవరు అక్కరలేదు. దుకాణదారు "నడుస్తది" అంటే చాలదు, తగిలించి వినిపించమనాలి. వైఫై పుల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొన్నింటి డ్రైవరు కెర్నెల్‌లో వుండదు. విడిగా వేసుకున్నా కెర్నెల్ మారగానే పనిచేయకుండా పోవచ్చు. వీలైతే తీగ కనెక్షనే మేలు.

అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై పలకపై 'వోల్యుమియో', 'మూడ్' వంటి పాటల వ్యవస్థలు నడుస్తాయి. పై 3, 4 పలకలకు ఇయర్‌ఫోను రంధ్రం వున్నది. 2023లో వచ్చిన పై 5కు లేదు, సౌండు పరికరం వేరే కొనాలి. పైన బిగించే ఆంప్లిఫయరు కార్డయితే దాని పేరు ఆ వ్యవస్థ సెట్టింగుల్లో ఎంచుకోవాలి, లేకుంటే శబ్దం రాదు. కరెంటు హఠాత్తుగా పోతే ఇందులోని మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదమున్నది. అన్నీ కుదిరి పాట వినిపించిన రోజే ఆ కార్డుకు మరో కార్డుపై నకలు తీసి పెట్టుకుంటే, మళ్లీ మొదటినుంచి చేసే పని తప్పుతుంది.