పసుపు దీపం పద్దు

కూడలిలో ఎర్రదీపం వెలిగాక ఆగుగీత దాటిన వాహనాన్ని తనంత తానే ఫొటో తీసి, నంబరు ప్లేటు ఆధారంగా యజమాని ఇంటికి జరిమానా చీటీ వెళ్లేలా చేసే పరికరాన్ని రెడ్‌లైట్ కెమెరా అంటారు. అమెరికాలో ఈ పద్ధతిని 1993లో న్యూయార్క్ నగరం మొదట చేపట్టగా, తరువాతి రెండు దశాబ్దాలలో వందలాది పట్టణాలు దానిని అనుసరించాయి, వాటితోపాటే ఒక వివాదం కూడా పెరుగుతూ వచ్చింది. కెమెరా తన పని సక్రమంగా చేస్తే సిగ్నల్ ఉల్లంఘనలు తగ్గాలి, అవి తగ్గితే జరిమానాల రాబడీ తగ్గాలి. కాని ఆ రాబడిని ముందే అంచనా వేసి బడ్జెట్‌లో రాసుకున్న నగరపాలక సంస్థకు ఉల్లంఘనలు తగ్గడం లోటుగా కనిపిస్తుంది. వాదోపవాదాలన్నిటికీ మూలం ఈ వైరుధ్యమే.

దీనిని పూర్తిగా చూడదలచిన వారికి షికాగోను మించిన ఉదాహరణ లేదు. 2003లో మొదలైన అక్కడి కార్యక్రమం విస్తరించి, ఒక దశలో 190 కూడళ్లలో 380కి పైగా కెమెరాలతో నడిచింది. ఒక్కో ఉల్లంఘనకు 100 డాలర్ల చొప్పున పదకొండేళ్లలో 50 కోట్ల డాలర్లకు మించి నగర ఖజానాకు చేరింది. కెమెరాలు సమకూర్చిన రెడ్‌ఫ్లెక్స్ అనే ఆస్ట్రేలియా సంస్థ, ఆ కాంట్రాక్టు కోసం నగర రవాణా శాఖ అధికారి జాన్ బిల్స్‌కు నగదు, విహారయాత్రల రూపంలో 20 లక్షల డాలర్ల వరకు లంచాలు ముట్టజెప్పినట్లు తేలడంతో, 2016లో న్యాయస్థానం ఆయనకు పదేళ్ల జైలుశిక్ష విధించింది. రెడ్‌ఫ్లెక్స్ అమెరికా విభాగం మాజీ అధిపతి కూడా నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లారు.

అయితే లంచం కథ ఎంత పెద్దదైనా, సామాన్య వాహనదారుడికి నేరుగా తగిలే విషయం పసుపు దీపం నిడివి. ఆకుపచ్చ ఆరి పసుపు వెలిగిన క్షణంలో, ఆగడానికి తగిన దూరమూ, ఎర్రదీపం పడేలోగా దాటిపోవడానికి తగిన సమయమూ రెండూ లేని చోట వాహనం చిక్కుకోవచ్చు. ఆ చోటును సందిగ్ధ మండలం అనవచ్చు. అక్కడ చిక్కినవాడు ఏం చేసినా తప్పే అవుతుంది. గాజిస్, హెర్మన్, మారాదుదిన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1960లో ఈ సమస్యను గణితబద్ధం చేసి, వేగాన్ని బట్టి పసుపు ఎంతసేపు వెలగాలో లెక్కించే మార్గం చూపారు. డ్రైవరు స్పందించడానికి ఒక సెకను, ఆపై కుదుపు లేకుండా బ్రేకు వేసి ఆగడానికి కావలసిన దూరాన్ని అదే వేగంతో దాటడానికి పట్టే కాలం కలిపితే, గంటకు 30 మైళ్ల, అంటే సుమారు 48 కిలోమీటర్ల వేగానికి 3.2 సెకన్లు వస్తుంది. షికాగోలో అదే వేగపరిమితి గల రోడ్లపై పసుపు వెలిగేది 3 సెకన్లు. తేడా చిన్నదే, కాని చలానాకు సరిపోతుంది.

ఎంత చిన్న తేడా ఎంత సొమ్ము తెస్తుందో 2014లో నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చూపింది. కెమెరాల నిర్వహణ కొత్త కాంట్రాక్టరు చేతికి మారినప్పుడు, పసుపు 3 సెకన్ల కన్న తక్కువ వెలిగిన కేసులను తిరస్కరించే నియమాన్ని సడలించి 2.9 సెకన్లనూ అంగీకరించడంతో, దాదాపు 77 వేల అదనపు చీటీలు, వాటి ద్వారా సుమారు 77 లక్షల డాలర్ల జరిమానాలు పుట్టుకొచ్చాయి. రెప్పపాటు కన్న తక్కువైన సెకనులో పదో వంతు ధర అది.

ఈ లెక్కను ప్రశ్నించడమూ తేలిక కాదు. ఆరెగన్ రాష్ట్రంలో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అనే వ్యక్తి, తన భార్యకు వచ్చిన చలానాతో ఆసక్తి కలిగి, మలుపు తిరగడానికి వేగం తగ్గించే వాహనాలకు పాత సూత్రం చాలదని నిరూపించబోతే, లైసెన్సు లేకుండా ఇంజనీరింగ్ చేస్తున్నాడంటూ అక్కడి ఇంజనీర్ల మండలి 500 డాలర్ల జరిమానా వేసింది. 2018లో ఫెడరల్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 2020లో రవాణా ఇంజనీర్ల సంస్థ తన మార్గదర్శకాల్లో ఆయన కోరిన సవరణకు చోటిచ్చింది.

ఇంతకూ కెమెరాలు ప్రాణాలు కాపాడుతున్నాయా అంటే, కొంతవరకు అవుననే చెప్పాలి. ఏడు ప్రాంతాలను పరిశీలించిన 2005 నాటి ఫెడరల్ అధ్యయనంలో, అడ్డంగా వచ్చి పక్కనుంచి ఢీకొనే ప్రమాదాలు 25 శాతం తగ్గగా, ముందువాడు హఠాత్తుగా ఆగడం వల్ల వెనకనుంచి గుద్దే ప్రమాదాలు 15 శాతం పెరిగాయి. మొదటి రకం ఎక్కువ ప్రాణాంతకం కనుక మొత్తంమీద మేలే జరిగిందని తేల్చారు. షికాగోపై 2017లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం చేసిన పరిశీలనలోనూ, గాయాలైన ప్రమాదాలు మొత్తంగా 10 శాతం తగ్గినట్లు వచ్చింది. కనుక కెమెరాలన్నీ దోపిడీ సాధనాలనే వాదం నిలవదు. అయినా 2010లో హ్యూస్టన్ పౌరులు ఓటు వేసి తమ కెమెరాలను తీయించుకున్నారు. 2019లో టెక్సాస్ రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది, ఆ రాబడిలో కొంత భాగం ఆసుపత్రుల అత్యవసర చికిత్సకు వెళ్లేదైనా ప్రజల అనుమానం తీరలేదు.

అనుమానానికి జార్జియా అనుభవం బలమిచ్చింది. కెమెరా ఉన్న ప్రతి కూడలిలోనూ పసుపును ఒక సెకను పొడిగించాలని ఆ రాష్ట్రం 2009 నుంచి నిర్బంధించగా, ఉల్లంఘనలు ఒక్కసారిగా పడిపోయాయి, నిర్వహణ ఖర్చులు కూడా గిట్టక పలు పట్టణాలు కెమెరాలు తీసేశాయి. భద్రతే లక్ష్యమైతే అది విజయం. కెమెరాలు తీసేయడానికి ఆ విజయమే కారణం కావడంలో అసలు లక్ష్యం బయటపడింది.

తెలుగు రాష్ట్రాల పాఠకులకూ ఈ చర్చ పరాయిది కాదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సిగ్నల్ ఉల్లంఘనను ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చి శిక్షలు పెంచింది, రోడ్లపై ఎలక్ట్రానిక్ నిఘాకు దారి వేసింది. తెలంగాణలో పేరుకుపోయిన చలానాలపై 2022లో ద్విచక్ర వాహనదారులకు 75 శాతం, 2023 చివరలో 80 శాతం రాయితీ ఇచ్చారు. వెంటనే కట్టినవాడు నష్టపోయి, ఆగినవాడు లాభపడే ఇలాంటి ఏర్పాటులో జరిమానా శిక్షగా కాక వసూలు కావలసిన బకాయిగానే మిగులుతుంది. కెమెరాలు పెట్టే ప్రతి నగరమూ ఏ కూడలిలో పసుపు ఎన్ని సెకన్లు వెలుగుతుందో బహిరంగంగా ప్రకటించాలి, ఆ నిడివిని నిర్ణయించే అధికారం రాబడి చూసే శాఖ చేతిలో ఉండకూడదు. చలానా అందుకున్న పౌరుడు ముందుగా అడగవలసింది ఆ సెకన్ల లెక్కనే.