పాత మోటార్ హోమ్ కొన్నారా? మొదటి రాత్రి ఇంటి దగ్గరే గడపండి

అమెరికాలో ఎండాకాలం సెలవులు వచ్చాయంటే హైవేల మీద చక్రాల ఇళ్లు బారులు తీరుతాయి. బస్సంత బండి, అందులోనే మంచాలు, వంటగది, బాత్‌రూమ్. హైదరాబాద్, వరంగల్, విజయవాడ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలకూ దీని మీద మోజు ఉంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరూ కలిసి తిరగొచ్చు. హోటల్ గదుల కోసం వెతుక్కునే పని లేదు. శాకాహారమైనా, హలాల్ అయినా వంట మన చేతిలోనే ఉంటుంది. కానీ కొత్త మోటార్ హోమ్ ధర లక్ష డాలర్లు దాటడం మామూలే. అందుకే చాలామంది పది, పదిహేనేళ్లు వాడిన బండి వైపు చూస్తారు.

చిక్కు కొన్న తర్వాతే మొదలవుతుంది. తాళాలు చేతికి రాగానే కొత్త పరుపులు, కర్టెన్లు, టీవీ కొంటారు. ఆ వారమే దూర ప్రయాణం పెట్టుకుంటారు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నట్టే అనుకుంటారు. నిజానికి ఇది ఒక పాత బండిని, ఒక పాత ఇంటిని కలిపి కొనడం. రెండింటి జబ్బులూ ఇందులో ఉంటాయి. కాబట్టి ముందు చూడాల్సింది ప్రాణానికి ముప్పు తెచ్చేవి, తర్వాత జేబు ఖాళీ చేసేవి, ఆఖరున సౌకర్యం. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు.

ముందు ప్రాణం

మోటార్ హోమ్‌లో పొయ్యి, గీజర్, హీటర్, చాలా బండ్లలో ఫ్రిజ్ కూడా ప్రొపేన్ గ్యాస్ మీద నడుస్తాయి. మన వంట గ్యాస్ లాగే ఇదీ గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే గ్యాస్ అలారాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ప్రమాదకరం. జనరేటర్ పొగలోనూ, సరిగా మండని హీటర్ నుంచీ వస్తుంది. రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈ రెండు అలారాలకూ వయసు ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లు. బటన్ నొక్కితే మోగింది కదా అని సరిపెట్టుకోకూడదు. ఆ మోత వల్ల లోపలి సెన్సర్ ఇంకా గ్యాస్‌ను పసిగడుతోందని రుజువు కాదు. వెనక ముద్రించిన తేదీ చూసి, గడువు దాటితే కొత్తవి పెట్టించాలి. గ్యాస్ పైపులను ఒకసారి మెకానిక్‌తో ప్రెషర్ పరీక్ష చేయించాలి. సిలిండర్ మార్చినప్పుడు మన ఇళ్లలో చేసే సబ్బు నీళ్ల పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. బండి కదిలే ముందు ట్యాంకు దగ్గరే గ్యాస్ కట్టేయడం మంచి అలవాటు. పడుకునే ముందు జనరేటర్ ఆపేయాలి.

తర్వాత టైర్లు. మోటార్ హోమ్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది. టైరు అరగదు కాబట్టి కొత్తదానిలా కనిపిస్తుంది, కానీ రబ్బరు ముసలిదైపోతుంది. టైరు పక్కన డాట్ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాని చివరి 4 అంకెలే తయారైన తేదీ. 2317 అని ఉంటే 2017లో 23వ వారం అన్నమాట. ఆరేడేళ్లు దాటిన టైర్లను టైర్ల షాపులో చూపించి, మార్చడానికి సిద్ధపడాలి. వెనక జంట చక్రాలుంటే లోపలి టైరునూ కిందికి వంగి చూడాల్సిందే.

బండికి ఏదైనా రీకాల్ ఉందేమో కూడా తెలుసుకోవాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో 17 అక్షరాల విన్ నంబరు కొడితే ఉచితంగా తెలుస్తుంది. ఇంజిన్, చాసీ చేసేది ఒక కంపెనీ, పైన ఇల్లు కట్టేది ఇంకో కంపెనీ. ఇద్దరి రీకాల్స్ వేర్వేరుగా ఉంటాయి కాబట్టి రెండూ చూడాలి.

చాలామంది మరిచిపోయేది సీటు బెల్టుల లెక్క. ఆరుగురు పడుకునే బండి అన్నంత మాత్రాన ఆరుగురు ప్రయాణం చేయొచ్చని కాదు. ఎన్ని బెల్టులుంటే అంతమందే. బండి నడుస్తుంటే నానమ్మ మంచం మీద నడుం వాల్చడం, పొయ్యి మీద చాయ్ పెట్టడం వద్దే వద్దు. గట్టిగా బ్రేకు పడితే మనుషులే కాదు, డబ్బాలూ గిన్నెలూ ఎగిరి వస్తాయి.

తర్వాత జేబు

పాత మోటార్ హోమ్‌కు అసలు శత్రువు వాన. కప్పు మీది అతుకులు, గాలి కిటికీల అంచులు ఎండిపోయి పగులుతాయి. నీళ్లు సన్నగా లోపలికి దిగి చెక్కను కుళ్లబెడతాయి. ఆ రిపేరుకు వేల డాలర్లు అవుతుంది. గోడ ఉబ్బడం, నేల మెత్తగా దిగడం, అల్మారా తీస్తే ముక్క వాసన రావడం దాని గుర్తులు. డ్రైవర్ తల మీద మంచం ఉండే బండ్లలో ఆ మంచం మూలలను చేత్తో నొక్కి చూడాలి. పగిలిన చోట మామూలు సిలికాన్ పూయకూడదు. తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు. ఆ కప్పు రకానికి సరిపడే సీలెంట్‌నే వాడాలి.

గీజర్‌లో నీళ్లు నిండకుండా కరెంటు స్విచ్ వేస్తే కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది. క్యాంప్‌గ్రౌండ్ కుళాయిలో నీటి ఒత్తిడి ఒక్కోచోట ఎక్కువగా ఉండి పైపులు పగులుతాయి. కుళాయికి 40 నుంచి 50 పీఎస్‌ఐ రెగ్యులేటర్ తగిలిస్తే ఆ బెంగ ఉండదు. షికాగో లాంటి చలి ఊళ్లలో చలికాలం రాకముందే నీళ్లన్నీ తీసేసి, ఆర్వీల కోసం అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపాలి. లేకపోతే పైపుల్లో నీళ్లు గడ్డకట్టి చీలుస్తాయి.

ఆఖరున సౌకర్యం

మంచినీళ్ల ట్యాంకు ఎన్నాళ్లు మూసి ఉందో కొన్నవాళ్లకు తెలియదు. ప్రతి 15 గాలన్ల నీళ్లకు పావు కప్పు వాసన లేని బ్లీచ్ కలిపి, కుళాయిల్లో ఆ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచాలి. పొద్దున వాసన పోయేదాకా కడగాలి.

మురుగు ట్యాంకులు రెండు. ఒకటి టాయిలెట్‌ది, రెండోది స్నానం, గిన్నెలు కడిగిన నీళ్లది. టాయిలెట్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి పెడితే నీళ్లు వెళ్లిపోయి మిగిలింది గట్టిపడుతుంది. బాగా నిండాకే, మురుగు వదిలేందుకు కేటాయించిన చోట ఖాళీ చేయాలి. ముందు టాయిలెట్‌ది, తర్వాత రెండోది వదిలితే ఆ నీళ్లతో గొట్టం కూడా కడుగుతుంది.

కరెంటు లెక్క కూడా తెలియాలి. చాలా బండ్లకు 30 ఆంపియర్ల ప్లగ్గు ఉంటుంది. అమెరికాలో 120 వోల్టులు కాబట్టి మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది. గ్యాస్ మీదా నడిచే రకం ఫ్రిజ్ చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది. పైగా బండి సమతలంగా నిలబడాలి. ముందు రోజే వేసి ఉంచితేనే మాంసం, పెరుగు నిలుస్తాయి.

ఇవన్నీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. అందుకే మొదటి రెండు మూడు రాత్రులు ఇంటి ముందు గానీ, అరగంట దూరంలోని క్యాంప్‌గ్రౌండ్‌లో గానీ నిజంగా కాపురం పెట్టాలి. కొన్ని కాలనీల్లో ఇంటి ముందు నిలపనివ్వరు కాబట్టి ముందే అడగాలి. అక్కడే వండాలి, స్నానాలు చేయాలి, పడుకోవాలి. ఏ లైటు వెలగలేదో, ఏ కుళాయి కారిందో, నీళ్లు ఎన్ని గంటలు వచ్చాయో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి.

బయలుదేరే ముందు ఇంకో రెండు లెక్కలు. లోపల అంటించిన స్టిక్కర్ మీద ఎంత బరువు ఎక్కించవచ్చో ఉంటుంది. 40 గాలన్ల నీళ్లే 330 పౌండ్లకు పైగా తూగుతాయి. రెండోది ఎత్తు. కప్పు మీది ఏసీతో కలిపి కొలిచి, డ్రైవర్ కళ్ల ముందు రాసి అంటించాలి. న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వేల మీద వంతెనలు చాలా కిందికి ఉంటాయి. కారు దారి చూపించే మామూలు ఫోన్ మ్యాప్‌ను నమ్మి అటు వెళ్తే కప్పు ఊడిపోతుంది.

మూడు రాత్రులయ్యాక నోటుబుక్కులో పది పదిహేను లోపాలు తేలినా కంగారు పడక్కర్లేదు. అవి ఇంటి దగ్గర, మెకానిక్ అందుబాటులో ఉన్నప్పుడే బయటపడ్డాయి. అర్ధరాత్రి ఎడారి రోడ్డు మీద, పిల్లలూ పెద్దలూ బండిలో ఉన్నప్పుడు కాదు.