సగటు చెప్పేది సగమే!

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అందరూ మాట్లాడుతున్నారు. ఆ అంకెలు సరిగ్గా చదవడం వస్తే ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది, ఒంటికీ మంచిది.

కాలేజీ బ్రోషర్‌లో ‘యావరేజ్ ప్యాకేజీ’ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. సీనియర్లను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురికి భారీ ఆఫర్లు, చాలామందికి మామూలు ఆఫర్లు, కొందరికి అసలు ఆఫరే లేదు. సరిగ్గా ఆ సగటు జీతం అందుకున్నవాళ్లు క్లాసులో ఒక్కరూ ఉండకపోవచ్చు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ‘ఇది 15 శాతం తగ్గిస్తుంది, అది 20 శాతం తగ్గిస్తుంది’ అని హాస్టల్ గదుల్లో కూడా తేల్చేస్తున్నారు. ఆ అంకెలు నిజమే. కానీ అవి గుంపు గురించి చెబుతాయి, మీ గురించి కాదు.

ఎలా పనిచేస్తాయి?

మనం తిన్నప్పుడు పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇన్సులిన్ పెరగడానికి సాయపడుతుంది, కడుపు ఖాళీ అవ్వడాన్ని నెమ్మది చేస్తుంది, ‘ఇక చాలు’ అని మెదడుకు చెబుతుంది. చిక్కేంటంటే, రక్తంలో రెండు నిమిషాల్లోనే దాదాపు సగం విరిగిపోతుంది. దాన్ని ఎక్కువసేపు నిలబెట్టడమే ఈ మందుల వెనకున్న ఇంజినీరింగ్.

లిరాగ్లుటైడ్ రోజూ తీసుకోవాలి. సెమాగ్లుటైడ్‌కు కొవ్వు ఆమ్లపు గొలుసు తగిలించారు. అది రక్తంలోని అల్బుమిన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి వారానికి ఒక ఇంజెక్షన్ సరిపోతుంది. టిర్జెపటైడ్ కూడా వారానికోసారే. అది జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో హార్మోన్ రిసెప్టర్ మీదా పనిచేస్తుంది.

మూడు మందులు, మూడు పరీక్షలు

• లిరాగ్లుటైడ్ (సాక్సెండా): 56 వారాల్లో సగటున 8 శాతం. డమ్మీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.6 శాతం.
• సెమాగ్లుటైడ్ (వెగోవీ): 68 వారాల్లో 14.9 శాతం. డమ్మీతో 2.4 శాతం.
• టిర్జెపటైడ్ (మౌంజారో), 15 మిల్లీగ్రాముల డోసు: 72 వారాల్లో 20.9 శాతం. డమ్మీతో 3.1 శాతం.

వరసగా పేర్చగానే ర్యాంకులు ఇచ్చేయాలనిపిస్తుంది. ఆగండి. ఇవి మూడు వేర్వేరు ట్రయల్స్. మనుషులు వేరు, కాలం వేరు. ఈఏపీసెట్‌లో ఒక సెషన్ మార్కుల్ని ఇంకో సెషన్ మార్కులతో నేరుగా పోల్చం కదా? అందుకేగా నార్మలైజేషన్ పెట్టింది!

సరైన పోలిక కావాలంటే రెండు మందుల్నీ ఒకే ట్రయల్‌లో పెట్టాలి. సర్మౌంట్-5 అదే చేసింది. డయాబెటిస్ లేని 751 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఫలితాలు 2025లో వచ్చాయి. 72 వారాల తర్వాత టిర్జెపటైడ్ గుంపు సగటున 20.2 శాతం, సెమాగ్లుటైడ్ గుంపు 13.7 శాతం తగ్గింది. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ట్రయల్‌కు డబ్బు పెట్టింది టిర్జెపటైడ్ తయారీ కంపెనీ ఎలీ లిల్లీయే. పైగా ఎవరికి ఏ మందు ఇస్తున్నారో అందరికీ తెలుసు. అంతమాత్రాన ఫలితం తప్పని కాదు. చదివేటప్పుడు మనసులో ఉంచుకోవాలంతే.

అసలు కథ సగటు వెనక

అదే ట్రయల్‌లో 25 శాతం, అంతకు మించి తగ్గినవాళ్లు టిర్జెపటైడ్ గుంపులో 31.6 శాతం. మరి ‘ఓడిపోయిన’ సెమాగ్లుటైడ్ గుంపులో? 16.1 శాతం. అంటే ఓడిన మందు తీసుకున్న ప్రతి వందలో కనీసం 16 మంది, గెలిచిన మందు సగటును దాటేశారు.

సెమాగ్లుటైడ్ తొలి పెద్ద ట్రయల్ చూసినా అంతే. 32 శాతం మంది 20 శాతానికి పైగా తగ్గారు. మరోపక్క దాదాపు 14 శాతం మంది 5 శాతం కూడా తగ్గలేదు. లిరాగ్లుటైడ్ ట్రయల్‌లో సగటు తగ్గుదల 8.4 కిలోలు, స్టాండర్డ్ డీవియేషన్ 7.3 కిలోలు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఆ రెండో అంకె చూడగానే అర్థమైపోవాలి, మనుషుల మధ్య తేడా ఎంత ఉందో.

తేడాకు తెలిసిన కారణాలు కొన్ని ఉన్నాయి. టైప్-2 డయాబెటిస్ ఉంటే తగ్గుదల తక్కువ: అలాంటివాళ్లతో చేసిన ట్రయల్‌లో సెమాగ్లుటైడ్ సగటు 9.6 శాతమే. సగటున పురుషుల కంటే మహిళలు ఎక్కువ తగ్గుతున్నారు. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం వల్ల కొందరు పూర్తి డోసు దాకా వెళ్లలేరు. డోసును నెలల తరబడి మెల్లగా పెంచేది అందుకే. కాబట్టి ‘పెన్ను వాడినా తగ్గలేదు, నీకు కంట్రోల్ లేదు’ అని ఎవరినైనా వెక్కిరించే ముందు ఆ 14 శాతాన్ని గుర్తుచేసుకోండి.

ఇంకో అంకె కూడా ఉంది. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. ‘ఇంటర్వ్యూల దాకా రెండు నెలలు వాడి మానేద్దాం’ అనుకునేవాళ్లకు ఇదే జవాబు. సాధారణంగా బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా బరువుతో ముడిపడిన జబ్బుండి 27 దాటినవాళ్లకు వీటిని ఆమోదించారు. ఫొటోల కోసం కాదు. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దు. రూమ్‌మేట్ పెన్ను అసలే వద్దు.

మనకు ఉద్యోగాలెక్కడ?

భారత్‌లో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు దేశీ కంపెనీలు జెనరిక్ తయారీకి ముందునుంచే సిద్ధమయ్యాయి. ఎలీ లిల్లీ 2025లో హైదరాబాద్‌లో తన కేపబిలిటీ సెంటర్ తెరిచింది. అవకాశాలు ఫార్మసీ వాళ్లకు మాత్రమే కాదు.

• ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ: సెమాగ్లుటైడ్ 31 అమైనో ఆమ్లాల పెప్టైడ్, టిర్జెపటైడ్ 39. వీటి తయారీ, శుద్ధి, నాణ్యత పరీక్షలకు పెప్టైడ్ కెమిస్ట్రీ తెలిసినవాళ్లు కావాలి.
• స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్: బయోస్టాటిస్టిక్స్, క్లినికల్ ప్రోగ్రామింగ్. శాస్, ఆర్ భాషలతో పాటు సీడిస్క్ డేటా ప్రమాణాలు తెలిస్తే మంచిది.
• బీఫార్మసీ, ఫార్మ్‌డీ, లైఫ్ సైన్సెస్: ఫార్మకోవిజిలెన్స్. మందు మార్కెట్లోకి వచ్చాక ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో నమోదు చేసి విశ్లేషించే పని.
• మెకానికల్: ఇంజెక్షన్ పెన్ను డిజైన్, అసెంబ్లీ, నాణ్యత. వాడకం మొదలయ్యేదాకా పెన్నును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి కోల్డ్ చెయిన్ కూడా.

కోర్సు ఫీజు కట్టే ముందు

‘మూడు నెలల్లో శాస్, ఉద్యోగం గ్యారంటీ’ బోర్డు చూసి డబ్బు కట్టొద్దు. ముందు ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఉచితంగా తేల్చుకోండి. ఆర్ సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. అమెరికా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, మన దేశపు సీటీఆర్‌ఐ, రెండూ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక ట్రయల్ ఎంచుకుని ఐదు ప్రశ్నలకు జవాబులు ఒక పేజీలో రాయండి:

1. ఎంతమంది, ఎలాంటివాళ్లు?
2. దేనితో పోల్చారు?
3. ఎన్ని వారాలు?
4. సగటు ఎంత, దాని చుట్టూ తేడా ఎంత?
5. మధ్యలో మానేసినవాళ్లెందరు, డబ్బు పెట్టిందెవరు?

గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే పక్కవాళ్లు ‘ఏ ఇంజెక్షన్ బెస్ట్’ అని వాదించుకుంటారు. మీరు ‘ఎవరికి బెస్ట్?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగలిగితే చాలు, ప్యానెల్ మీవైపు తిరుగుతుంది. అన్నట్టు, ఈసారి ఏదైనా కంపెనీ యావరేజ్ ప్యాకేజీ చెప్పినప్పుడు కూడా ఇవే ఐదు ప్రశ్నలు వేసి చూడండి.