వంగి నడవకే అమ్మాయ్!

"ఎంత పొడుగైపోయిందమ్మా మీ పిల్ల! ఇంక ఆపండి..."

మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ గ్లాసు అందుకోకముందే అనే మాట ఇది. ఆపడమంటే ఎలా ఆపాలో మాత్రం ఎవరూ చెప్పరు. పొయ్యి మీద పాలా ఏమన్నానా, పొంగుతుంటే మంట తగ్గించడానికి!

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. పదో తరగతి. ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని 'చిన్ని' అని పిలుచుకున్నాం. ఇప్పుడా పిలుపు విన్నవాళ్ళు దాన్నొకసారి, నన్నొకసారి చూసి నవ్వుకుంటారు. రోజూ పొద్దున్నే ఆరింటికి సైకిలేసుకుని ఇక్కడే గుణదలలో బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకు పోతుంది. ఎనిమిదింటికి చెమటలు కక్కుతూ వచ్చి, చద్దన్నమైనా సరే, గిన్నె ఖాళీ చేస్తుంది.

బంతి చేతిలో ఉన్నంతసేపూ నిటారుగా ఉండే పిల్ల, గ్రౌండు దాటి వీధిలోకి రాగానే భుజాలు ముడుచుకుని, మెడ వంచుకుని నడుస్తుంది. బస్సులో అంతే. పెళ్ళిళ్ళలో అంతే. ఫోటోల్లో ఎప్పుడూ వెనక వరసే.

ఈ వంగడం నేర్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దాచుకోవడం ఎందుకు? రెండేళ్ళ కిందట మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఫోటో తీస్తుంటే, "కాస్త మోకాళ్ళు వంచి నిలబడవే, పెళ్ళికూతురి కంటే పొడుగ్గా కనబడుతున్నావు" అన్నాను. మారు మాటాడకుండా వంచింది. ఆ ఫోటో ఆల్బంలో ఉంది. అందరూ నవ్వుతున్నారు, అదొక్కటే నేల చూస్తోంది.

రామవరప్పాడు రింగు దగ్గర

నిజానికి ఇదే పిల్ల ఒకప్పుడు పొడుగవ్వాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

2016 ఆగస్టు 23. కృష్ణా పుష్కరాలకు ఆఖరి రోజు. రియో ఒలింపిక్స్‌లో బాడ్మింటన్‌లో రజతం గెలిచిన పి.వి.సింధు గన్నవరం విమానాశ్రయంలో దిగి ఊరేగింపుగా బెజవాడ వస్తోందని ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. మేమూ వెళ్ళి రామవరప్పాడు రింగు దగ్గర నిలబడ్డాం. చిన్నికి అప్పుడు ఆరేళ్ళు. వాళ్ళ నాన్న భుజాలెక్కి కూర్చుంది.

సింధు మా ముందు నుంచి వెళ్ళింది ఒక్క నిమిషమో, అంతకంటే తక్కువో. చెయ్యి ఊపుతూ, నవ్వుతూ... అంతే. కానీ ఆ ఒక్క నిమిషంలో నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎన్ని చూశారో!

"టీవీలో కంటే సన్నగా ఉందే!"

"అయిదడుగుల పదంగుళాలటమ్మా. సరిపడే పిల్లాణ్ణి ఎక్కడ వెతుకుతారో పాపం!"

నేనూ "అవునవును" అన్నాను. అన్నాను కాబట్టే ఇప్పుడు చెబుతున్నాను. అప్పటికి నాలుగు రోజుల ముందే ఆ పిల్ల ప్రపంచ నంబర్ వన్ కరోలినా మారిన్‌తో ఫైనల్‌లో మూడు గేములు హోరాహోరీ పోరాడింది. అవతలి వాళ్ళు పైకి లేపిన షటిల్‌ని అంతెత్తు నుంచి దించి కొట్టగలగడం ఆ పొడుగు వల్లనే. సింధు తల్లి విజయ, తండ్రి రమణ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆ ఇంట్లో పొడుగంటే ఆస్తి. మా కళ్ళకే అది సంబంధాల సమస్యగా కనబడింది. (2024 డిసెంబరులో ఆమె పెళ్ళి జరిగింది లెండి. మన బెంగా తీరింది!)

పైనుంచి చిన్ని వంగి నా చెవిలో అడిగింది. "అమ్మా, ఆ అక్క అంత పొడుగు ఎలా అయింది? నేనూ అవుతానా?"

"పాలు తాగితే అవుతావు" అన్నాను.

ఆ రోజు నుంచి పేచీ పెట్టకుండా తాగింది. ఇప్పుడు పొడుగయ్యావేమిటే అని దాన్నే అడుగుతున్నాం!

అమ్మమ్మ చూసొచ్చిన ఆట

మా అక్క కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటుంది. 2025 వేసవిలో మా అమ్మ అక్కడికి వెళ్ళి అక్టోబరు దాకా ఉండి వచ్చింది. అమ్మకు అరవై ఏడేళ్ళు. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. క్రికెట్ తప్ప వేరే ఆట చూసి ఎరగదు. అలాంటి మనిషి వచ్చి బ్యాగులో బాదంపప్పుల కంటే ముందు చెప్పిన కబురు ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ గురించి.

అమెరికాలో ఆడవాళ్ళు జీతాలు తీసుకుని ఆడే డబ్ల్యూఎన్‌బీఏ అనే లీగు ఉంది. 1997లో ఎనిమిది జట్లతో మొదలైంది. 2025 నాటికి పదమూడయ్యాయి. ఆ పదమూడోది శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్తగా పెట్టిన 'గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్'. వాల్కిరీలంటే ఉత్తర ఐరోపా పాత కథల్లో యుద్ధభూమి మీద తిరిగే కన్యలు. అక్క కూతురికి ఆ జట్టంటే పిచ్చి. అమ్మమ్మకు ఊదారంగు చొక్కా ఒకటి తెచ్చి, చీర మీదే తొడిగించి, రైలెక్కించి తీసుకెళ్ళిందట.

"ఏం జనమే తల్లీ! మన గుణదల మాత తిరునాళ్ళలో కొండెక్కే దారి గుర్తొచ్చింది" అంది అమ్మ. అతిశయోక్తి అనుకున్నాను. కాదు. ఆ హాల్లో 18,064 మంది పడతారు. ఆ సీజన్‌లో అక్కడ జరిగిన 22 లీగు ఆటలకూ ఒక్క కుర్చీ మిగల్లేదు.

అమ్మ చెప్పిన వాటిలో ఎక్కువ భాగం ఆట మొదలవక ముందు జరిగినవే. ఆటగత్తెలు బంతులతో చేతులు సవరించుకుంటుంటే, కటకటాల పక్కన పిల్లలు బారులు తీరి నిలబడ్డారట. చొక్కాలు, బంతులు, కాగితాలు చాపి సంతకాలడుగుతున్నారట. ఆరేడేళ్ళ ఆడపిల్లల నుంచి నెరిసిన తలల దాకా ఉన్నారట. మగపిల్లలు కూడా వీపు మీద ఆడవాళ్ళ పేర్లున్న చొక్కాలే వేసుకున్నారట. అమ్మకు అన్నిటికంటే వింతగా తోచింది అదే.

"ఒకమ్మాయి మా దగ్గరికొచ్చిందే. తలెత్తి చూస్తే మెడ పట్టేసింది. నా చీర చూసి నవ్వి, మన పిల్ల చొక్కా మీద సంతకం పెట్టి, నా చేతికి తన చెయ్యి తాకించి పోయింది. ఎంత పెద్ద చెయ్యనుకున్నావ్! అరచెయ్యంతా కాయలే. మీ తాతయ్య అరక పట్టిన చెయ్యి గుర్తొచ్చింది."

"పేరేమిటమ్మా?"

"నోరు తిరగలేదు. కానీ ఆ నడక చూడాలే... అంత పొడుగు పిల్లలు ఒక్కళ్ళూ వంగి నడవలేదు!"

పక్క గదిలో చదువుకుంటున్న చిన్ని పుస్తకం మూసి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

అమ్మను ఇంకొకటి కూడా ఆశ్చర్యపరిచింది. ఆ జట్టు కోచ్ నటాలీ నకాసే. జపాన్ మూలాలున్న అమెరికన్. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. "నాకంటే కాస్త పొడుగున్న పిల్ల, ఆ తాటిచెట్లలాంటి వాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టి అదిలిస్తోందే!" అని ముచ్చట పడింది. 2025లో ఆ లీగులో ఉత్తమ కోచ్ బహుమతి ఆమెదే.

అక్కడా అన్నీ పూలదారులేం కాదు. మగవాళ్ళ లీగులో వచ్చే జీతాలతో పోలిస్తే వీళ్ళవి నలుసంత. సీజను అయిపోగానే వేరే దేశాలకు వెళ్ళి ఆడి సంపాదించుకున్న వాళ్ళు ఎందరో. 2025 జులైలో ఇండియానాపొలిస్‌లో జరిగిన ఆల్‌స్టార్ ఆటకు ముందు, మాకు రావలసింది మాకివ్వండని చొక్కాల మీద రాసుకుని మరీ కోర్టులోకి దిగారు. వాళ్ళ అభిమానులకు ఇవన్నీ తెలుసు. తమకిష్టమైన ఆటగత్తె ఎన్ని పాయింట్లు చేసిందో, ఎంత జీతం తీసుకుంటోందో, మోకాలు ఎప్పుడు దెబ్బతిందో చెప్పగలరట.

ఈ ఆట చరిత్ర చదువుతుంటే నవ్వొచ్చింది. 1891లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు పీచ్ పళ్ళ బుట్టలు రెండు జిమ్ బాల్కనీ కమ్మీకి కొట్టి దీన్ని మొదలుపెట్టాడు. మరుసటేడాదే సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ అమెరికాలోని స్మిత్ కాలేజీలో ఆడపిల్లలకు నేర్పింది. 1893 మార్చిలో ఆ కాలేజీ పిల్లలు ఆడిన మొదటి ఆటకు మగవాళ్ళను లోపలికి రానివ్వలేదు. ఆడపిల్లలు గెంతుతుంటే మగాళ్ళు చూడకూడదని! అక్కణ్ణుంచి, వాళ్ళ పేర్లు వీపు మీద వేసుకుని మగపిల్లలు లైన్లో నిలబడే దాకా రావడానికి నూరేళ్ళు పైనే పట్టింది.

మన దగ్గర మాటేమిటి?

మా వీధి చివర ఒకావిడ ఉన్నారు. 1990ల్లో బాస్కెట్‌బాల్ ఆడి, ఆటల కోటాలో రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నారు. మన దేశంలో ఈ ఆట ఆడే ఆడపిల్లలకు ఎక్కువగా దొరికే దారి అదే. జాతీయ పోటీల్లో ఏళ్ళ తరబడి రైల్వే ఆడవాళ్ళ జట్టుదే పైచెయ్యి.

"మీకూ అభిమానులుండేవారా అండీ?" అని అడిగాను.

ఆవిడ పకపకా నవ్వారు. "ఎందుకు లేరూ! మా కోచ్, గ్రౌండు వాచ్‌మన్, బఠాణీలమ్మే అబ్బాయి. ఇంకెవరైనా వస్తే నిక్కర్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఊళ్ళో కనబడితే ఆడవాళ్ళు అడిగేది ఒకటే. పెళ్ళెప్పుడు? పెళ్ళయ్యాక, పిల్లలెప్పుడు? మొన్న మ్యాచ్‌లో గెలిచారా అని అడిగిన ఆడమనిషిని నా సర్వీసు మొత్తంలో చూడలేదమ్మా."

ఆ మాట నాకు చురుక్కుమంది. రామవరప్పాడు రింగు దగ్గర నేను చేసిందీ అదేగా.

ఆవిడే చిన్నికి ఇద్దరి కథలు చెప్పారు. ఒకరు కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్. ఆరడుగుల రెండంగుళాలు. 2006లోనే ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ క్లబ్బుకు ఆడింది. 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్లు మూడు ఆమెను పిలిచి ఆట చూశాయి. చోటు దొరకలేదు. అయినా అంతదాకా వెళ్ళిన మన పిల్ల! రెండోవారు తమిళనాడు అమ్మాయి అనితా పాల్‌దురై. బిడ్డను కన్నాక ఇంక అయిపోయిందని అందరూ అనుకుంటుంటే మళ్ళీ కోర్టుకొచ్చింది. 2017లో బెంగళూరులో ఆసియా కప్ బి డివిజన్ గెలిచిన మన జట్టులో ఉంది. 2021లో పద్మశ్రీ అందుకుంది.

నేను డిగ్రీ చదివాను. కథలు రాస్తాను. రోజూ పేపరు తిరగేస్తాను. ఈ ఇద్దరి పేర్లూ నాకు తెలియవు. మీలో ఎంతమందికి తెలుసు?

గ్రౌండు ఎక్కడండీ?

ఇక అసలు సంగతి. పదో తరగతి తర్వాత ఇంటర్. మన ఊళ్ళో ఇంటరంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మావారు, నేను ఒక రెసిడెన్షియల్ కాలేజీ చూడ్డానికి వెళ్ళాం. ఫీజు చెప్పారు, ర్యాంకులు చెప్పారు. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా టైంటేబుల్ చూపించారు.

"గ్రౌండు ఎక్కడండీ?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఆదివారం సాయంత్రం డాబా మీద నడవనిస్తాం మేడం."

తిరిగొచ్చేటప్పుడు మావారు స్కూటరు మీద ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "రెండేళ్ళేగా, ఓర్చుకుంటుంది. తర్వాత ఆడుకోవచ్చు" అన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. బంతి అన్నం పెడుతుందని ఎవరు హామీ ఇస్తారు? కానీ ఎదిగే వయసులో రెండేళ్ళు ఆట మానేసిన పిల్ల మళ్ళీ కోర్టుకు వస్తుందా? రైల్వే ఆవిడ తనతో ఆడినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. ఇంటర్‌లో మానేసిన వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదట.

పది రోజులు ఇంట్లో వాదన నడిచింది. చివరికి మా అమ్మ కల్పించుకుంది. "నాయనా, పద్దెనిమిది వేల మంది డబ్బిచ్చి చూస్తున్న ఆట అది. నువ్వు మీ పిల్ల ఆట ఒక్కసారి ఊరికే చూడు. తర్వాత మీ ఇష్టం" అంది అల్లుడితో.

మర్నాడు పొద్దున్నే ఆయన వెళ్ళారు. బాస్కెట్‌బాల్ బుట్ట ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా పదడుగుల ఎత్తులోనే ఉంటుంది. ఆ ఎత్తుకు తన కూతురు ఎగిరి బంతి వేయడం ఆయన చూడ్డం అదే మొదటిసారి. అయిదేళ్ళుగా ఆడుతోంది పిల్ల!

వచ్చి కాఫీ తాగుతూ అన్నారు. "గ్రౌండున్న డే కాలేజీ ఏదైనా ఉందేమో కనుక్కుందాం."

ఒకటి దొరికింది. ర్యాంకుల హోర్డింగులు లేని కాలేజీ. మేం చేస్తున్నది తెలివైన పనో కాదో రెండేళ్ళ తర్వాత తెలుస్తుంది. చిన్ని మాత్రం ఆట వదలకుండానే చదువుతానని మాటిచ్చింది.

మా వంటింటి గుమ్మానికి దాని ఎత్తు పెన్సిలుతో గీసిన గీతలున్నాయి. వాళ్ళ నాన్నను దాటిన రోజు నుంచి గీయడం మానేశాం. ఎవరూ అనుకుని మానలేదు, మానేశామంతే. మొన్న అమ్మ స్టూలేసుకుని ఎక్కి, దాన్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, "వంగకే" అని గదిమి మరీ కొత్త గీత గీసింది.

అమ్మలూ, అత్తలూ, పిన్నులూ... ఈసారి మీ వీధిలో బంతి పట్టుకెళ్ళే పిల్ల ఎదురైతే పొడుగు గురించీ, రంగు గురించీ, పెళ్ళి గురించీ అడక్కండి. "మళ్ళీ ఆటెప్పుడమ్మా?" అని అడగండి. వీలైతే వెళ్ళి చూడండి. టిక్కెట్టు లేదు, కుర్చీలన్నీ ఖాళీయే.