పాత ఓమ్ని కొంటున్నారా? ముందు లోడు వేసి నడపండి

ప్రకృతి వ్యవసాయంలో పండించింది దళారికి కాకుండా నేరుగా ఇళ్లకి ఇద్దామనుకున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు పాత బండి బేరానికి వెళ్తారు. ఎక్కువమంది అడుగుతున్నది మారుతి ఓమ్ని గురించే. 2019లో తయారీ ఆపేశారు కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారినవే. బండి కింద దూరి ఏమేం చూడాలో పై వీడియోలో చూపించాం. వీడియోలో వాసన రాదు కదా, అందుకే మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ముందే ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దన్నా" అని చెప్పండి. ఓమ్ని ఇంజిను ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు లేపి దగ్గరగా చెయ్యి పెడితే వేడి తెలిసిపోతుంది. అప్పటికే వేడిగా ఉందంటే చల్లటి ఇంజిను తొందరగా అందుకోదేమో అని అనుమానించాల్సిందే. స్టార్ట్ అయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. ఆయిల్ పోసే మూత లోపల మీగడలా తెల్లటి జిడ్డు ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో మెకానిక్‌తో చూపించండి. హెడ్ గ్యాస్కెట్ పోయిన బండి ఎంత చవకైనా నాకొద్దు.

ఇంజిను కన్నా నేను భయపడేది తుప్పుకి. ఇంజిను బాగు చేయించొచ్చు, చివికిన ఫ్లోరుకి అతుకులేస్తూ ఎన్నాళ్లు తిప్పుతాం? మ్యాట్లు మొత్తం ఎత్తించండి. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు లోపలికి పోకూడదు. చేపల లోడు తోలిన బండ్లకి ఉప్పునీళ్లు దిగి అడుగు ముందు పోతుంది. జారుడు తలుపు కింది పట్టాలు కూడా చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. మునిగిన బండిని కడిగి పాలిష్ కొడితే పైకి తెలీదు. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద గీత అక్కడ దొరుకుతుంది. అద్దాలు మూసి పది నిమిషాలు కూర్చుంటే ముక్క వాసన కూడా బయటపడుతుంది.

ఇక నడపడం. ఎద్దుల్ని కొనేటప్పుడు పళ్లు చూసి ఊరుకోం, కాడి కట్టి బరువు లాగించి చూస్తాం. బండికైనా అంతే. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము అంటేనే రెండు క్వింటాళ్లు. ఖాళీ బండి నడిపితే ఏం తెలుస్తుంది? ముగ్గురు నలుగుర్ని ఎక్కించుకుని చెరువు గట్టో, ఫ్లైఓవరో ఎక్కించండి. ఇంజిను అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగకూడదు. వెనక నుంచి ఊళ వినిపిస్తే డిఫరెన్షియల్ చూపించుకోవాలి.

టైరు మీద నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అరుగుదల లేకపోయినా పాతబడిన టైర్లకి డబ్బు తగ్గించమని అడగండి, మొహమాటం వద్దు.

కాగితాల్లో ఆర్‌సీ మీద ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండితో సరిచూసుకోండి. గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, గడువు దగ్గర పడితే రెన్యువల్ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెమ్మనండి. ఫారం 29, 30 మీద అమ్మినాయన సంతకాలు పెట్టేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.