చేపల లారీకి ఎంత బలం కావాలి?

కొల్లేరు సరస్సు దాపున కైకలూరు, ఆకివీడు, ఏలూరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసు కప్పుకొని హౌరాకు బయల్దేరితే దారి సుమారు 1,200 కిలోమీటర్లు. గువాహటి దాకా అయితే రెండు వేలు దాటుతుంది. ఇన్ని ట్రిప్పులు తిరిగిన బండికి ఒకనాటికి పికప్ పడిపోతుంది, ఆయిల్ తాగుతుంది, నీలం పొగ వదులుతుంది. ఇంజిన్ విప్పక తప్పదన్నాక యజమానికి ఒక ఆశ పుడుతుంది. ఎలాగూ విప్పుతున్నాం కదా, పనిలో పనిగా కంపెనీ ఇచ్చినదానికన్నా కాస్త ఎక్కువ బలం రాబడితే? పాత బండికైతే డీజిల్ పంపు పెంచడం, టర్బో తగిలించడం. కొత్తదానికైతే కంప్యూటర్ సెట్టింగు మార్పించడం. ఆశ సహజమే. కానీ కొల్లేరు బండికి ఈ ఖర్చు దండగని నా వాదన. పోయిన బలాన్ని పూర్తిగా తిరిగి తెచ్చుకుంటే చాలు. ఆపైన కొన్న హార్స్‌పవర్‌కు ఈ దారిలో పనే లేదు.

ముందు పోయిన బలం ఎక్కడికి పోయిందో చూడాలి. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్గు రవ్వ ఉండదు. పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టిన వేడికే డీజిల్ అంటుకోవాలి. లైనర్లు, రింగులు అరిగితే ఆ గాలి పక్కనుంచి కిందికి జారిపోతుంది. వేడి చాలదు, డీజిల్ ఆలస్యంగా, అరకొరగా మండుతుంది. నాజిళ్లు కారడం, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోవడం దీనికి తోడు. బండికి దమ్ము లేదని మనం అనేదాంట్లో చాలా భాగం ఇదే. బోరింగ్ చేసి పెద్ద పిస్టన్ వేస్తే బలం పెరుగుతుందని కొందరి నమ్మకం. లెక్క వేసి చూద్దాం. టాటా 697 ఇంజిన్ కొలత దాని పేరులోనే ఉంది: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. బోరు అర మిల్లీమీటరు పెంచితే ఇంజిన్ సీసీ పెరిగేది దాదాపు ఒక్క శాతం. పని చేయించాక బండి ఉరికిందంటే, రింగులు మళ్లీ గోడను పట్టుకున్నాయన్నమాట. విజయవాడ ఆటోనగర్‌లో పెట్టే డబ్బు క్రాంకు గ్రైండింగుకీ, వాల్వులకీ, పంపు కాలిబ్రేషన్‌కీ సక్రమంగా పడితే అదే పదివేలు.

అదనపు బలం ఎత్తెక్కడానికో, వేగానికో కావాలి. కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన ఐదో కాంటూరు మీద ఇన్నేళ్లుగా కొట్లాడుకుంటున్న నేలలో ఎక్కాల్సిన కొండలేవి? పదహారో నంబరు జాతీయ రహదారి చాలావరకు కోస్తా మైదానం వెంటే కోల్‌కతా వైపు సాగుతుంది. ఫ్లైఓవర్ వస్తే ఒక గేరు దించితే సరి. వేగమంటారా, సరుకు బండికి స్పీడ్ గవర్నర్ 80 దగ్గర పగ్గం వేస్తుంది. 60 నుంచి 80కి వెళ్లినా గాలిని చీల్చడానికి కావలసిన శక్తి రెండింతలు దాటిపోతుంది. అలా 300 కిలోమీటర్లు పరుగెత్తిస్తే మిగిలేది గంటంబావు. డ్రైవరు భోజనానికి ఆగితే చెల్లు.

కంపెనీయే 697కు టర్బో పెట్టింది కదా, మనం పెడితే తప్పేమిటని అడగొచ్చు. నిజమే, పెట్టింది. కానీ దానికి తగ్గట్టు పిస్టన్లు, కూలింగు, పంపు అన్నీ సరిచూసి పెట్టింది. గాలి పెంచకుండా పంపు ఒక్కటే పెంచితే మండని డీజిల్ నల్లపొగగా పోతుంది, మండింది ఎగ్జాస్ట్ వేడి పెంచి పిస్టన్ తలనూ హెడ్ గ్యాస్కెట్‌నూ తినేస్తుంది. క్లచ్చు, క్రౌన్ పినియన్ మాత్రం పాత బలానికి చేసినవే. చట్టం సంగతీ ఉంది. ఆర్‌సీలోని కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగను శుద్ధి చేసే పరికరాలన్నీ ఇంజిన్ కంప్యూటర్‌తో ముడిపడి ఉంటాయి. అక్కడ సెట్టింగు కదిపితే ఆ ఫిల్టర్లే ముందు మొరాయిస్తాయి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం చేపది. ఉల్లిపాయల లోడు తాడేపల్లిగూడెం మార్కెట్‌కు ఒక పూట ఆలస్యంగా చేరినా కొంపేమీ మునగదు, చేప ఆగదు. ఒప్పుకుంటాను. అయితే చేపను కాపాడేది ఐసు. ఎండ దేశాల్లో చేపకు సమానంగా ఐసు వేయాలన్నది పాత లెక్క. అంటే పది టన్నుల లోడులో ఐదు టన్నులు దారిలో నీరయ్యే సరుకే. అదనపు బలం కొనేది ఆ నీటిని లాగడానికా? అదే డబ్బు బాడీ గోడలకు మందమైన థర్మోకోలు పొరకూ, సందుల్లేకుండా మూసుకునే తలుపుకూ పెడితే ఐసు నిదానంగా కరుగుతుంది, తక్కువ ఐసుతో సరిపోతుంది, మిగిలిన బరువులో చేప ఎక్కుతుంది. ఇంజిన్ లాగే బరువు మారదు, కిరాయి వచ్చే బరువు పెరుగుతుంది.